చోటు చాలని యంత్రము

జనగామలో రైల్వే స్టేషనుకు పోవు దారిలో ఒక చిన్న ఫొటో స్టూడియో కలదనుకొనుడు. వైశాఖమాసము, పెండ్లిండ్ల దినములు. గోడ ప్రక్కనున్న బల్లమీద పదునైదేండ్లనాటి కంప్యూటరొకటి ఉదయమునుండి విశ్రాంతి లేక పనిచేయుచున్నది. సాయంకాలము ఒక రైతు వచ్చి, చేతిరుమాలులో చుట్టి తెచ్చిన పాత ఫొటోను మెల్లగా విప్పి బల్లమీద నుంచును. అది ఆతని తల్లి చిత్రము. ఇంటిలో ఆమె రూపమును తెలుపు ఫొటో అదియొక్కటే. అంచులు చినిగినవి, మడత పడినచోట ముఖమున కడ్డముగా తెల్లని గీత యేర్పడినది. ఎల్లుండి దశదినకర్మ. ఆ లోపల గీతను మాపి, చిత్రమును పెద్దది చేసి, పటము కట్టి యీయవలెను.

స్టూడియో యజమాని దానిని స్కాను చేసి, ఫొటోషాపులో తెరచి, రెండు గంటలు కదలక కూర్చుండి గీతను చాలవరకు మాపును. ఇంతలో తెరమీద చిన్న పెట్టె వంటి ప్రకటన యొకటి కనబడును. చాలినంత మెమరీ లేనందున కోరిన పని పూర్తి కాలేదని దాని తాత్పర్యము. మరల యత్నించినను అదే మాట. పనిని దాచుకొందమన్నను అదే మాట. రెండు గంటల శ్రమ ఇంకను హార్డు డిస్కునకు చేరలేదు. కరెంటు పోయినచో అంతయు పోవును.

ఇట్టి వేళ సామాన్యముగా రెండు సలహాలు వినబడును. యంత్రము ముసలిదైనది, కొత్తది కొనుమని ఒకరు చెప్పుదురు. డిస్కులోని పాటలను, సినిమాలను తీసివేసినచో చోటు దొరకునని మరియొకరు చెప్పుదురు. మొదటి సలహా తరచుగా అనవసరము. రెండవది కొన్ని సందర్భములలో సరియైనదే గాని, పైని చెప్పిన ప్రకటనకు మందు కాదు. ఈ తికమకకు మూలము మెమరీ అను మాటలోనే యున్నది. ఫోనులో ఫొటోలు నిండినపుడు మెమరీ నిండినదందుము. అంగడిలో మెమరీ కార్డు కొందుము. ఇవి దాచుకొను చోట్లు. కంప్యూటరు తెరమీద మెమరీ చాలదని చెప్పునపుడు అది దాచుకొను చోటును గూర్చి కాదు, పనిచేయు చోటును గూర్చి చెప్పుచున్నది.

జనగామకు చేరువనే యున్న పెంబర్తి ఇత్తడి పనికి పేరు పొందిన గ్రామము. అచ్చటి శిల్పి ఇత్తడి రేకును పనిపీటమీద పరచి, సుత్తితోను ఉలితోను లతలను, దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీర్చును. ఆతని ఇంటి కొట్టులో నూరు రేకులుండవచ్చును. కాని పీటమీద పట్టునవి ఒకటి రెండే. కొట్టు ఎంత విశాలమైనను పీట పెద్దది కాదు. కంప్యూటరులో హార్డు డిస్కు కొట్టు వంటిది. ర్యామ్‌ అనునది పనిపీట వంటిది. ఏ చిత్రమును దిద్దవలెనన్నను దానిని కొట్టునుండి తెచ్చి పీటమీద పరచవలసినదే. ఒక భేదము మాత్రము కలదు. శిల్పి దీపమార్పి పోయినను పీటమీది రేకు అట్లే యుండును. ర్యామ్‌లోని చిత్రము కరెంటుతోడనే మాయమగును. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్‌ డెనార్డ్‌ అను ఇంజనీరు 1968లో పేటెంటు పొందిన పద్ధతి ననుసరించి, ర్యామ్‌లోని ప్రతి అక్షరమును అతిసూక్ష్మమైన విద్యుదావేశముల రూపమున నిలుచును. ఆ ఆవేశములు కారిపోవుచుండును గనుక వానిని సెకనునకు పలుమారులు మరల నింపుచుండవలెను. నింపుట ఆగినచో జ్ఞాపకమును ఆగును.

ఇక ఒక చిత్రము ఆ పీటమీద ఎంత చోటు నాక్రమించునో లెక్క వేయవలెను. ఈ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి కష్టము కాదు; అయినను ఏండ్ల తరబడి ఈ వృత్తిలో నున్నవారు కూడ దీనిని వేసి చూడరు. కంప్యూటరు చిత్రము పిక్సెళ్లనబడు చిన్న చుక్కల కూర్పు. ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వర్ణముల పాళ్లను వ్రాసి యుంచవలెను. ఒక్కొక్క వర్ణమునకు ఒక బైటు చొప్పున చుక్కకు మూడు బైట్లు. నేటి కెమేరా తీయు ఫొటో అడ్డముగా 6000, నిలువుగా 4000 చుక్కలు గలదైనచో మొత్తము 2 కోట్ల 40 లక్షల చుక్కలు. అనగా 7 కోట్ల 20 లక్షల బైట్లు.

ఆ ఫొటో డిస్కులో జేపెగ్‌ రూపమున కొద్ది మెగాబైట్లే యుండును. ఒక మెగాబైటు రమారమి పది లక్షల బైట్లు. చిన్న ఫైలే గదా యని యజమాని యొకేసారి పదింటిని తెరచును. కాని జేపెగ్‌ అనునది చాపను చుట్టి మూలకు చేర్చినట్టిది. పరచినపుడు గాని దాని వైశాల్యము తెలియదు. ఫైలు పరిమాణమును చూచి మోసపోవుటవలననే సగము చిక్కులు కలుగుచున్నవి.

పెండ్లి ఆల్బముల సంగతి ఇంకను పెద్దది. స్టూడియోలలో వాడుకలోనున్న ఆల్బము పుట 12 అంగుళముల ఎత్తు, 36 అంగుళముల వెడల్పు గలది. అంగుళమునకు 300 చుక్కల చొప్పున అది 3600 చుక్కల ఎత్తు, 10,800 చుక్కల వెడల్పు. రెండింటిని హెచ్చించి మూడుతో గుణించినచో 11 కోట్ల 66 లక్షల 40 వేల బైట్లు. ఇది ఒట్టి పుట మాత్రమే. దానిపై అతుకుటకు ఎనిమిది ఫొటోలను తెరచి యుంచినచో మరి 57 కోట్ల 60 లక్షల బైట్లు.

రైతు తెచ్చిన ఫొటో నాలుగంగుళముల వెడల్పు, ఆరంగుళముల పొడవు గలది. పాతది గనుక ఎంత సూక్ష్మముగా స్కాను చేసిన అంత మంచిదని తలచి, యజమాని అంగుళమునకు 1200 చుక్కల చొప్పున స్కాను చేసెను. అది 4800 చుక్కలు, 7200 చుక్కలు. బైట్లలో 10 కోట్ల 36 లక్షల 80 వేలు. దిద్దుచున్నపుడు అసలు చిత్రము చెడకుండుటకై దానికి రెండు నకళ్లు తీసి పొరలుగా పేర్చెను. ఈ పొరలనే లేయర్లందురు. అప్పటికి మూడు పొరలకును 31 కోట్లు. వెనుక ఉదయమునుండి తెరచియున్న పెండ్లి ఆల్బము పుటయు, దాని ఎనిమిది ఫొటోలును అట్లే యున్నవి. అన్నియు కలిపిన నూరు కోట్ల బైట్లు మించినవి. ఆతని కంప్యూటరులోని ర్యామ్‌ రెండు గిగాబైట్లు, అనగా 214 కోట్ల 74 లక్షల 83 వేల 648 బైట్లు. అందులో విండోసుకు కొంత, వైరసును పట్టు ప్రోగ్రామునకు కొంత, పాటల కొరకు తెరచియుంచిన బ్రౌజరునకు కొంత పోవలెను.

అయినను ఇంకను చోటు మిగులవలసినదే గదా యని తోచవచ్చును. దానిని మ్రింగినది కంటికి కనబడని వేరొక వస్తువు. ఫొటోషాపులో చేసిన పని నచ్చనిచో ఒక మీట నొక్కి వెనుకకు పోవచ్చును. మరల నొక్కి మరియొక మెట్టు వెనుకకు పోవచ్చును. పోయిన స్థితి తిరిగి రావలెనన్నచో దానిని ఎచ్చటనో దాచి యుంచవలెను. దీనిని హిస్టరీ యందురు. పాత ఫొటోషాపులలో ఇరువది మెట్ల వరకు దాచుట అలవాటు. చిన్న కుంచెతో ముక్కుమీద ఒక మచ్చను మాపినపుడు మారిన కొద్ది భాగము మాత్రమే దాచబడును; అందువలన బాధ లేదు. కాని దుమ్ము తీయుట, మసకబరచుట వంటి ఫిల్టరును చిత్రమంతటిమీద నడపినచో చిత్రమంతయు మారును. ఆ మెట్టు కొక పూర్తి నకలు కావలెను. ఆల్బము పుటమీద ఇట్టి పనులు ఇరువది చేసినచో 233 కోట్ల బైట్లకు మించి హిస్టరీకే కావలెను. ఆ యంత్రము మొత్తము ర్యామ్‌ కంటె ఇది యెక్కువ.

పీట చాలనపుడు కొట్టులో కొంత భాగమును పీటగా వాడుకొను ఉపాయము కొత్తది కాదు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్‌ కిల్‌బర్న్‌ నాయకత్వమున నిర్మింపబడి 1962 డిసెంబరులో పనికి దిగిన అట్లాస్‌ అను కంప్యూటరు దీనికి మార్గదర్శి. దాని ముఖ్యస్మృతి 16 వేల పదములు మాత్రమే పట్టునది. అందుచేత దాని నిర్మాతలు తిరుగుచుండు అయస్కాంతపు పీపాలో 96 వేల పదములకు చోటేర్పరచి, అప్పటికి పనిలేని పుటలను అందులోనికి పంపుచు, కావలసినవానిని తెచ్చుకొనుచు, రెండును ఒకే స్మృతియన్న భ్రమను కల్పించిరి. తరువాతి కంప్యూటరులు పెక్కు ఈ దారినే నడచినవి. థామస్‌ నోల్‌, జాన్‌ నోల్‌ అను సోదరులు రూపొందింపగా అడోబీ సంస్థ 1990లో ప్రకటించిన ఫొటోషాపు కూడ డిస్కులో కొంత చోటును ఇట్లే సొంతముగా వాడుకొనును. దీనిని స్క్రాచ్‌ డిస్కు అందురు, చిత్తుపుస్తకమన్న మాట.

ఉపాయము మంచిదేగాని వెల కలదు. తిరుగు హార్డు డిస్కునుండి ఒక సమాచారమును వెదకి తెచ్చుటకు ర్యామ్‌ కంటె సుమారు లక్ష రెట్ల కాలము పట్టును. అందుచేతనే మెమరీ చాలని యంత్రము ముందుగా మందగించును. డిస్కు దీపము ఆరకుండ వెలుగుచుండును. పిమ్మట గాని ప్రకటన రాదు. ఫొటోషాపు కిటికీ అడుగు భాగమున ఎఫిషియెన్సీ అను అంకెను చూపునట్లు ఏర్పరచుకొనవచ్చును. అది నూరైనచో పని పీటమీదనే జరుగుచున్నది. నూటికి తగ్గినచో చిత్తుపుస్తకము తెరువబడినదన్నమాట. కష్టము వచ్చుటకు ముందే తెలుపు గుర్తు ఇది.

మరి చిత్తుపుస్తకము ఉండగా మెమరీ చాలదనుట ఏల? కొన్ని ఫిల్టర్లు తమ పనికి కావలసిన చోటు ర్యామ్‌లోనే కావలెనని పట్టుపట్టును. అందుచేత వచ్చు ప్రకటనలు రెండు విధములుగా నుండును. ఒకటి ర్యామ్‌ చాలదనును. రెండవది స్క్రాచ్‌ డిస్కు నిండినదనును. మొదటిది పీట సమస్య. రెండవది కొట్టు సమస్య. పాటలు, సినిమాలు తీసివేయుట రెండవదానికే మందు, అదియు అవి స్క్రాచ్‌ ఉన్న డిస్కులోనే యున్నపుడు. కంగారులో ప్రకటనను చదువకుండ మూసివేయువారే యెక్కువ. దానిని పూర్తిగా చదివినవాడు సగము దారి నడచినట్లే.

ఇపుడు స్టూడియోలోని ఆపదకు వత్తము. మొదట చేయదగినది బాగుచేయుట కాదు, ఉన్నదానిని దక్కించుకొనుట. యంత్రమును ఆపి మరల వెలిగించుట అన్నిటికంటె సులభమైన చికిత్సయని అందరును చెప్పుదురు. దాచని పని యున్నపుడు అదే అన్నిటికంటె చెడ్డది. ముందుగా బ్రౌజరును మూయవలెను. ఆల్బము పుట నదివరకే దాచియున్నచో దానిని, ఎనిమిది ఫొటోలను మూయవలెను. దానితోనే 69 కోట్ల బైట్లు వదులగును. అపుడు తల్లి చిత్రమును కొత్త పేరుతో వేరొక డిస్కునకు దాచుటకు ప్రయత్నింపవలెను. అప్పటికిని యంత్రము ఒప్పుకొననిచో ఎడిట్‌ అను పట్టికలో పర్జ్‌ అను ఆజ్ఞ కలదు. అది హిస్టరీని, నకలు తీసి పెట్టుకొన్న ముక్కలను తుడిచివేయును. ఆ పిమ్మట వెనుకటి మెట్లకు పోవుటకు వీలుండదు. కావున చిత్రము ప్రస్తుత స్థితిలో సరిగా నున్నదని చూచుకొనిన తరువాతనే దానిని వాడవలెను. చాలవరకు ఇంతతో పని దక్కును.

దక్కిన తరువాత కారణమును వెదకవలెను. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్‌ మీటలను కలిపి నొక్కినచో విండోసు తన లెక్కపుస్తకమును చూపును. ఏ ప్రోగ్రాము ఎంత ర్యామ్‌ తినుచున్నదో అందు తెలియును. ఫొటోషాపు ప్రిఫరెన్సెస్‌లోని పెర్ఫార్మెన్స్‌ అను భాగమున దానికి ర్యామ్‌లో నూటికి ఎంత పాలు ఈయవలెనో నిర్ణయింపవచ్చును. కొందరు ఆశపడి నూటికి నూరును ఇత్తురు. అపుడు విండోసుకే చోటు లేక, అది తన పుటలను డిస్కునకు తరలించుట మొదలుపెట్టి, యంత్రమంతయు పాకసాగును. నూటికి అరువది, డెబ్బది చాలును. అదే భాగమున హిస్టరీ మెట్లను ఇరువదినుండి ఐదారునకు తగ్గింపవచ్చును. ఫొటోషాపునకు బదులు జింప్‌ అను ఉచిత ప్రోగ్రామును వాడువారికి ఇవే అమరికలు టైల్‌ క్యాష్‌ అనియు, అన్‌డూ అనియు వేరు పేర్లతో కనబడును. 1996లో వెలువడిన ఈ ప్రోగ్రామును ఎవరైనను వెల లేక పొందవచ్చును. వెల ఈయనొల్లక ఎచ్చటినుండియో తెచ్చిన దొంగ ప్రతులను వాడువారు, వానితోపాటు వచ్చిన వైరసులు ర్యామ్‌ను తినుచుండగా యంత్రమును నిందించుట వింత.

స్క్రాచ్‌ డిస్కు నిండినదన్న ప్రకటనయే వచ్చినచో చూడవలసినది సి డ్రైవు. వేరుగా చెప్పనిచో ఫొటోషాపు చిత్తుపుస్తకమును అచ్చటనే తెరచును. కరెంటు పోయినపుడును, ప్రోగ్రాము హఠాత్తుగా ఆగినపుడును పాత చిత్తుకాగితములు ఫొటోషాపు టెంప్‌ అను పేరుతో అచ్చటనే పడియుండును. ఒక్కొక్కటి పలు గిగాబైట్లుండవచ్చును. ఫొటోషాపును మూసిన పిమ్మట వానిని నిర్భయముగా తీసివేయవచ్చును. తెరచియుండగా ముట్టరాదు. పిమ్మట స్క్రాచ్‌ను ఖాళీ యెక్కువగా నున్న డి డ్రైవునకు మార్చవచ్చును. డిస్కు నిండి ఫొటోషాపు తెరుచుకొననే లేనిచో, తెరచునపుడు కంట్రోలు, ఆల్టు మీటలను అదిమి పట్టుకొన్నయెడల స్క్రాచ్‌ ఎచ్చటనని అదే అడుగును. పెన్‌డ్రైవును మాత్రము ఇందుకు వాడరాదు. అది నెమ్మదియైనది, పైగా ఎవరో ఒకరు పొరపాటున లాగివేయుదురు.

పీటనే పెద్దది చేయుట కడపటి మార్గము. ర్యామ్‌ పలకను కొనుటకు ముందు రెండు సంగతులు చూడవలెను. ఒకటి, పలక జాతి. డీడీఆర్‌ 2, 3, 4 అను జాతుల పలకల గాట్లు వేరువేరు చోట్ల నుండును. ఒకదాని గూటిలో మరియొకటి దిగదు. రెండవది, విండోసు 32 బిట్లదా, 64 బిట్లదా యనునది. 32 బిట్లతో వ్రాయగల చిరునామాలు రెండును 32 మారులు హెచ్చించినంత, అనగా 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఇంటి నంబర్లు అంతవరకే యున్న ఊరిలో అంతకుమించి ఇండ్లు కట్టినను ఉత్తరములు చేరవు. అట్టి విండోసు గల యంత్రమున ఎనిమిది గిగాబైట్ల ర్యామ్‌ పెట్టినను నాలుగింటికి మించి పనికిరాదు. అందును ఒక్క ప్రోగ్రామునకు సామాన్యముగా రెండు గిగాబైట్లే దొరకును. ఈ సంగతి తెలియక డబ్బు పోగొట్టుకొన్నవారు పెక్కుమంది. విండోసులో ఫొటోషాపునకు 64 బిట్ల రూపము 2008లో వచ్చినది. 2018 అక్టోబరునుండి వెలువడిన వానికి 32 బిట్ల రూపమే లేదు.

ఒక్కొక్కసారి ర్యామ్‌ చాలినంత యుండియు చిక్కులు వచ్చును. లెక్కకు దొరకకుండ, ఒకనాడు చిన్న చిత్రముమీద, ఒకనాడు పెద్దదానిమీద యంత్రము ఆగిపోవుచున్నచో పలకయే చెడి యుండవచ్చును. విండోసులోనే ర్యామ్‌ను పరీక్షించు సాధనము కలదు. వేసవి దుమ్ముచేత పలక గూటిలో సరిగా తాకకపోవుటయు కద్దు. తీగను గోడనుండి తీసి, పెద్దవారి సమక్షమున పలకను విప్పి, దుమ్ము తుడిచి, మరల గట్టిగా కూర్చుండబెట్టినంతమాత్రమున బాగైన యంత్రములు కలవు. తిరుగు డిస్కునకు బదులు ఎస్‌.ఎస్‌.డి. అను కదలని డిస్కును అమర్చినచో, ర్యామ్‌ పెరుగకున్నను చిత్తుపుస్తకము తిరగవేయుట చాల త్వరితమగును. ఇంత ఖర్చును కొత్త యంత్రపు వెలలో కొద్ది భాగమే. అయితే 2020 జనవరిలో విండోసు 7కు మైక్రోసాఫ్టు సంస్థ రక్షణ సవరణలు పంపుట మానినది. కావున అట్టి యంత్రమును ఫొటోల పనికి ఉంచుకొని, ఇంటర్నెట్టునకు వేరొకదానిని వాడుట మేలు.

రైతు తల్లి చిత్రమునకు ఇవి యేవియు అక్కరలేకపోయెను. ఆమె పటము 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల ఎత్తు కావలెను. గోడకు వ్రేలాడు పటమును కొంచెము దూరమునుండి చూతురు గనుక అంగుళమునకు 200 చుక్కలు చాలును. అనగా 2400 చుక్కలు, 3600 చుక్కలు. నాలుగంగుళముల ఫొటోను అంగుళమునకు 600 చొప్పున స్కాను చేసినచో సరిగా అంతే వచ్చును. 1200 చొప్పున చేసినందున పాత కాగితముమీద లేని వివరము పుట్టదు. కాగితపు గరుకుదనమే పెద్దదిగా కనబడును. యజమాని దాచిన చిత్రమునకు నకలు తీసి, ఆ నకలును ఈ కొలతకు తగ్గించెను. ఒక పొర 2 కోట్ల 59 లక్షల 20 వేల బైట్లకు దిగినది. మూడు పొరలును కలిపిన ఎనిమిది కోట్లకు లోపలే. మిగిలిన గీత నుదుటిమీద బొట్టుకు ప్రక్కగా నున్నది. బొట్టు చెదరకుండ దానిని మాపుట చేతిపని. దానికి ర్యామ్‌తో నిమిత్తము లేదు. అది పూర్తియగునప్పటికి రాత్రి తొమ్మిది గంటలైనది. మరునాటి ఉదయము అచ్చునకు పంపుటకు ఫైలు సిద్ధముగా నుండెను.